నాలుగు వేళ్ల నీళ్లు

ఫజర్ నమాజు అయినాంక చాప మడిచిపెట్టి
అవే మోకాళ్ల మీద ఇల్లంతా ఒకసారి పాకుతా.
నవ్వొద్దు మేడమ్.
నిలబడి చూస్తే ఏ ఇల్లయినా శుభ్రంగానే ఉంటాది.
పాకితేనే కానొస్తాది,
బీరువా కింద పత్తిగింజ,
జిన్నింగు మిల్లు నుంచి ఏ తల్లి కొంగున దిగొచ్చిందో.
మా ఆయన షుగరు మాత్ర, పిప్పరమెంటు మాదిరి తెల్లగా.
రిమోట్‌లోంచి జారిన గుండీ బ్యాటరీ,
మెరుస్తాది, పిల్లోల్లను పిలుస్తాది.

పేరు మౌలాబీ. మౌలానా కాదు, దిద్దుకోండి.
పిల్లలెంతమంది అంటారా, ఆరుమంది.
ఏడోవాన్ని ఎత్తుకొని నిన్న ఒకామె వచ్చింది,
నెలకు ఇన్నూరు ఎక్కువిస్తానని.
అగ్గి పుడితే చంకకిద్దరు, వీపున ఒకడు,
నడిచేటోడు నా కొంగు పట్టుకొని.
నా లెక్క ఆరుతో అయిపోతాది.
పంపించేసినా.
రేత్రి నిద్ర పట్టలా. ఇన్నూరు కోసం కాదు,
వాని ముక్కు తుడిచేవాళ్లు లేక ఎండిన చీమిడి గుర్తొచ్చి.

పెరటి తలుపు గడియ అంత పైన ఎందుకంటారా?
పిల్లోల్లకు అందకుండా.
నాకూ అందదు, నిజమే, ఎగిరి తీస్తా.
పొగలో ఎగరగలవా అని అడిగితిరి చూడు,
దానికి నా దగ్గర జవాబు లేదు.
రాసుకోండి, తప్పని.

ఇంకొకటి, మీ కాగితంలో లేదు, అయినా చెప్తా.
మూడేండ్ల కింద, ఎండాకాలం.
ఆదోనిలో కొళాయి ఎప్పుడొస్తాదో కొళాయికే తెలీదు,
ఇంట్లో చెంబు కూడా ఖాళీగా ఉండేది కాదు.
పాలు పొయ్యి మీద పెట్టినా.
పొంగొచ్చేంత సేపు. అంతే.
ఉరుకుందు, పదకొండు నెలలోడు,
బకెట్ అంచు పట్టుకొని లేచి నిలబడినాడు,
లోపలికి వంగినాడు.
ఆ వయసులో తలకాయే బరువు గదా.
అడుగున నాలుగు వేళ్ల నీళ్లు.
అరుపు లేదు మేడమ్.
నీళ్లలో పడిన బిడ్డ అరవదు.
అరుపు లేదని నేను తిరిగి చూసినా.

పాలు పొంగి పొయ్యి ఆరింది.
వాడు దగ్గినాడు, కక్కినాడు, ఏడ్చినాడు.
డాక్టరు దగ్గరికి ఉత్తకాళ్లతో ఉరికినా.
ఏం కాలేదన్నాడు, ఇంటికి తీసుకపొమ్మన్నాడు.

సాయంత్రం షిఫ్టు విడిచేదాంక గడప మీద కూచున్నా.
వాని చొక్కా ఆరిపోయింది.
గిలక్కాయ ఆడిస్తాండాడు, నవ్వుతాండాడు.
ఎవరికీ తెలీదు.
సుంకులమ్మ వచ్చి కొంగు దులుపుకొంటాంటే
చెప్పినా.
కొట్టలా. తిట్టలా. పిల్లోన్ని ఎత్తుకొని పోయింది.
తొమ్మిది దినాలు రాలా.
పదోనాడు వచ్చింది. వాన్ని చంక దింపకుండానే
నేరుగా బాత్రూములోకి పోయి
బకెట్లన్నీ తడిమి చూసింది.
అన్నీ బోర్లించి ఉండాయి.
నీళ్లన్నీ మూత తిప్పితే బిగిసే డ్రమ్ములోకి పోయినాయి.

అప్పటి సంది కొత్తగా వచ్చే ప్రతి తల్లికీ
మొదట ఇదే చెప్తా, డబ్బు మాట తర్వాత.
ఇద్దరు విని తిరిగి పోయినారు.
వాళ్లది తప్పనను.

ఏం రాసినారు, చదవండి.
'నీటి నిల్వ: మూత కలదు.'
సరే, ఆ గడిలో పట్టేది అంతే.
గడియ రేపే దింపిస్తా,
వాళ్లకు అందనంత, నాకు ఎగరకుండా అందేంత.
ఆ జానెడు ఎక్కడుందో కొలుచుకోవాల.

ఉండండి మేడమ్, సంతకం తర్వాత పెడతా.
లోపల యశ్విత్ లేచినట్టుంది.
ఏం శబ్దం రాలేదా?
అందుకే పోతాండ.